బావిలో దిగే ముందు గాలిని కొలవండి

ఎండలు ముదిరి బావుల్లో నీళ్లు అడుగంటాయంటే చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, బోరు ఇంకాస్త లోతు చేయించడానికి అప్పు వెతుక్కోవడం. రెండోది, పాత బావిలో పూడిక తీయించి ఉన్న ఊటనైనా కాపాడుకోవడం. క్యారెట్, టమాట, ఆకుకూరలు, పూలతోటల మీద బతికే ఎకరం, రెండెకరాల రైతుకు ఆ ఊటే పంటను గట్టెక్కిస్తుంది. అందుకని ఏళ్ల తరబడి ఎవరూ దిగని బావిలోకి కూడా నడుముకు తాడు కట్టుకుని దిగుతారు. కొందరు ఆ తాడు కూడా కట్టుకోరు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో మీరు పేపర్లో ఎన్నోసార్లు చదివే ఉంటారు. మొదట దిగినాయన పలకలేదు. ఆయన్ని తీసుకురావడానికి తమ్ముడు దిగాడు, అతనూ పలకలేదు. పక్క పొలం నుంచి పరుగెత్తుకొచ్చిన ఇంకొకాయన "ఏం కాదు, నేను దిగుత" అన్నాడు. కాపాడబోయినవాళ్లే ఎక్కువమంది పోయిన సంఘటనలు ఉన్నాయి. మరునాడు వార్తలో 'బావిలో విషవాయువు' అని రాస్తారు. ఆ ఒక్క మాటలో మూడు, నాలుగు వేర్వేరు వాయువులు కలిసిపోతున్నాయి. వాటిని విడివిడిగా తెలుసుకోవాలి. ఎందుకంటే ఒకదాన్ని పట్టే సాధనం ఇంకొకదాన్ని పట్టదు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

బావి గాలిలో ఏముంటుంది?

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లకు కాస్త తక్కువగా, అంటే 20.9 పాళ్లు ప్రాణవాయువు ఉంటాయి. బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, నూటికి 0.04 పాళ్లు మాత్రమే. ఒరల చుట్టూ ఉన్న మట్టిలో లెక్క వేరు. వేళ్లూ సూక్ష్మజీవులూ ప్రాణవాయువును వాడుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతుంటాయి. మట్టి సందుల్లోని గాలిలో అది బయటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అదే మెల్లగా బావిలోకి చేరుతుంది. పైగా అది మామూలు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. అడుగున రాలిన ఆకులు, కొట్టుకొచ్చిన చెత్త, చచ్చిన కుక్కో పిల్లో కుళ్లుతుంటే ప్రాణవాయువు ఇంకా తగ్గుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చలికాలం రాత్రుల్లో బయటి గాలి చల్లబడి బరువెక్కుతుంది. బావిలోకి దిగి లోపలి గాలిని పైకి తోస్తుంది. అంటే బావి తనంతట తానే ఊపిరి పీల్చుకుంటుంది. ఎండాకాలంలో ఇది ఆగిపోతుంది. బయటి గాలి వేడిగా తేలికగా ఉంటుంది, బావిలో చల్లగా బరువుగా ఉంటుంది. రెండూ కలవవు. మనం పూడిక తీసేది సరిగ్గా ఆ కాలంలోనే. దీనికి తోడు మబ్బు పట్టి వాన వచ్చే ముందు గాలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు మట్టి తనలోని గాలిని బావిలోకి వదులుతుంది. కాబట్టి 'నిన్న దిగితే ఏమీ కాలేదు' అనేది ఈరోజుకు లెక్కలోకి రాదు.

ప్రాణవాయువు 19.5 పాళ్లకంటే తగ్గిన చోటికి మనిషి దిగరాదు. 16 పాళ్ల దగ్గర ఆయాసం, తప్పు నిర్ణయాలు. 10కి తగ్గితే స్పృహ పోతుంది. 6కి తగ్గితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇంతలో మనిషికి ఉక్కిరిబిక్కిరి కూడా అనిపించకపోవచ్చు. ఊపిరాడనట్టు మనకు అనిపించేది ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడే గానీ, ప్రాణవాయువు తగ్గినందుకు కాదు. అందుకే నిచ్చెన మీద ఉన్నవాడు అరవకుండానే జారిపోతాడు.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. నీళ్లు తోడడానికి డీజిల్ ఇంజనునో, చిన్న పెట్రోలు పంపునో బావి మెట్టు మీద పెట్టి నడిపితే దాని పొగలో ఇది వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చునే చోట ఇది 200 రెట్లకు పైగా గట్టిగా కూర్చుంటుంది. ఇంజను ఆపిన తర్వాత కూడా చాలాసేపు బావిలోనే ఉంటుంది. ఇంజను ఎప్పుడూ పైన, గాలి వీచే దిక్కుకు దూరంగా ఉండాలి.

మూడోది హైడ్రోజన్ సల్ఫైడ్. బావిలో తక్కువే గానీ పేడ గుంతలో, గోబర్ గ్యాస్ స్లర్రీ తొట్టిలో, మరుగుదొడ్డి ట్యాంకులో ఇదే అసలు యముడు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది కదా, ముక్కు పట్టేస్తుంది అనుకుంటాం. నిజమే, గాలి పది లక్షల పాళ్లలో ఒక పాలు కూడా లేనప్పుడే ముక్కు పడుతుంది. ఈ 'పది లక్షల్లో ఒక పాలు'నే పీపీఎం అంటారు. పది లక్షల రూపాయల్లో ఒక రూపాయి అనుకోండి. కానీ ఈ వాయువు 100 పీపీఎం చేరేసరికి వాసన పట్టే నరాన్నే మొద్దుబారుస్తుంది. అంటే వాసన పోయిందని మనం అనుకుంటాం, వాయువు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 500 దాటితే నిమిషాల్లో పడిపోతారు. వెయ్యి దగ్గర ఒకటి రెండు ఊపిరులే. ఇంకో మాట. కదలకుండా ఉన్న పేడ గుంతలో ఇది బుడగలుగా అణిగి ఉంటుంది. కర్రతో కలియబెట్టగానే ఒక్కసారిగా పైకి వస్తుంది. కలిపే ముందు చూసిన గాలి వేరు, కలిపిన తర్వాతి గాలి వేరు.

లాంతరు చెప్పేది, చెప్పనిది

మన పెద్దలకు ఇవన్నీ పేర్లతో తెలియకపోయినా బావి గాలి మంచిది కాదని తెలుసు. తాడుకు లాంతరు కట్టి దించేవాళ్లు. వేప మండలు కట్టి పైకీ కిందికీ ఆడించేవాళ్లు. బిందెలతో నీళ్లు చిమ్మేవాళ్లు. వీటిని కొట్టిపారేయనక్కర లేదు. మండలు ఆడించడం, నీళ్లు చిమ్మడం గాలిని కొంత కలుపుతాయి. లాంతరు కూడా ఒక రకం సాధనమే. ప్రాణవాయువు దాదాపు 16 పాళ్లకు తగ్గితే మంట ఆరిపోతుంది.

అయితే లాంతరు వెలుగుతోందని దిగడం తప్పు. 17 పాళ్ల దగ్గర దీపం ఇంకా మిణుకుతూనే ఉంటుంది, మనిషికి మాత్రం అప్పటికే ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్ వెయ్యి పీపీఎం ఉన్నా, హైడ్రోజన్ సల్ఫైడ్ వెయ్యి పీపీఎం ఉన్నా లాంతరు హాయిగా వెలుగుతుంది. ఇక గోబర్ గ్యాస్ తొట్టి, మరుగుదొడ్డి ట్యాంకు దగ్గర లాంతరు దించడం అంటే చావును పిలవడమే. అక్కడ మీథేన్ ఉంటుంది. గాలిలో 5 నుంచి 15 పాళ్లు కలిసిందంటే నిప్పు తగలగానే పేలుతుంది. బీడీ ముట్టించినా అంతే.

బొగ్గుగనుల వాళ్లు ఈ కష్టాన్ని మనకంటే ముందే పడ్డారు. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1815లో మంట చుట్టూ సన్నటి ఇనుప జాలీ పెట్టి లాంతరు చేశాడు. మంట జాలీ దాటి బయటి మీథేన్‌ను అంటించదు. మీథేన్ ఉంటే మంట చుట్టూ నీలపు టోపీ కనిపిస్తుంది, ప్రాణవాయువు తగ్గితే మంట ఆరుతుంది. మన సింగరేణి గనుల్లో కూడా ఇలాంటి దీపాలు వాడారు. కార్బన్ మోనాక్సైడ్ కోసం బ్రిటన్ గనుల్లో పంజరంలో చిన్న పిట్టను తీసుకెళ్లేవాళ్లు. మనిషికంటే ముందు అది సొమ్మసిల్లేది. ఆ పద్ధతికి వాళ్లు 1986లోగానీ స్వస్తి చెప్పలేదు. పిట్ట స్థానంలో వచ్చినవే ఇప్పటి సెన్సార్లు.

తగరం పొడి గాలిని ఎలా పసిగడుతుంది?

సెన్సార్ అంటే ఏదో కంప్యూటర్ అనుకోవద్దు. దాని గుండె ఒక పదార్థం. ఆ పదార్థానికి ఫలానా వాయువు తగిలితే ఏదో ఒక మార్పు రావాలి. రంగు మారాలి, లేదా కరెంటు పారే తీరు మారాలి. ఆ మార్పును కొలిచి అంకెగా చూపేది మిగతా యంత్రం.

అన్నిటికంటే చవకగా దొరికే పదార్థం టిన్ ఆక్సైడ్. తగరం, అంటే మన ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే లోహం, ప్రాణవాయువుతో కలిస్తే వచ్చే తెల్లటి పొడి ఇది. దీన్ని గ్యాసు పసిగట్టడానికి వాడవచ్చని జపాన్‌కు చెందిన నవోయోషి తగుచి 1962లో పేటెంటు తీసుకున్నాడు. వంటగ్యాసు లీకై ఇళ్లు కాలిపోతున్న రోజులవి. ఇప్పుడు ఇళ్లలో పెట్టే గ్యాసు అలారాల్లో చాలావాటిలో ఉండేది ఈ తగరం పొడే.

ఇది పనిచేసే తీరు మన కాలువకు తెలిసిన విషయమే. పొడి రేణువుల మీదుగా కరెంటు పారడం కాలువలో నీళ్లు పారడం లాంటిది అనుకోండి. దీన్ని 200 నుంచి 400 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఆ వేడికి గాలిలోని ప్రాణవాయువు వచ్చి రేణువుల అంచుల మీద కూర్చుంటుంది. కూర్చుంటూ రేణువులోని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకు వెళ్లే దారిలో మట్టికట్ట పడినట్టవుతుంది, పారకం తగ్గుతుంది. ఇప్పుడు వంటగ్యాసో, కార్బన్ మోనాక్సైడో వచ్చిందనుకోండి. అది ఆ ప్రాణవాయువుతో కలిసి దాన్ని ఎత్తుకుపోతుంది. ఎలక్ట్రాన్లు వెనక్కి వస్తాయి, కట్ట తెగినట్టు కరెంటు జోరుగా పారుతుంది. ఆ జోరును బట్టి గ్యాసు ఎంత ఉందో అంచనా కడతారు.

ఇంత తేలిక కాబట్టే దీని లోపాలూ తెలుసుకోవాలి. మొదటిది, దీనికి మనిషిని గుర్తుపట్టడం రాదు. ఎవరు వచ్చి కట్ట తెంపినా ఒకటే మాట చెబుతుంది. అగరొత్తి పొగ, సారా ఆవిరి, మిరపకాయల పోపు ఘాటు, అన్నిటికీ కూస్తుంది. రెండోది, గాలిలో తేమ మారితే అంకె మారుతుంది. బావి అంటేనే తేమ. మూడోది అసలు ముఖ్యమైంది. ఇది పనిచేయడానికే ప్రాణవాయువు కావాలి. ప్రాణవాయువు తగ్గిన బావిలో దాని మాట నమ్మలేం. ఆ పైన బొగ్గుపులుసు వాయువు దీనికి అసలు కనిపించదు. ఎందుకంటే అది మండేది మండిపోయాక మిగిలిన వాయువు. రేణువు మీది ప్రాణవాయువును ఎత్తుకుపోయే పని దానికి లేదు. కాబట్టి వంటింటి గ్యాసు అలారాన్ని తాడుకు కట్టి బావిలో దించి, కూయలేదు గదా అని దిగితే అంతకంటే ప్రమాదం లేదు.

మరి ఒకే వాయువును గుర్తుపట్టే పొడి చేయలేమా? కొంతవరకు చేయొచ్చు. తగరం పొడిలో కాస్త రాగి ఆక్సైడ్ కలిపితే అది హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ప్రత్యేకంగా స్పందిస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 1990ల మొదట్లో చూపించారు. గంధకం తగలగానే రాగి ఆక్సైడ్ కాస్తా రాగి సల్ఫైడ్ అవుతుంది. మొదటిది కరెంటును అడ్డుకుంటుంది, రెండోది పారనిస్తుంది. గ్యాసు పోగానే మళ్లీ మొదటికి వస్తుంది. పూజ గదిలోని రాగి చెంబు నల్లబడటం వెనక ఉన్న రసాయనం కూడా కొంచెం ఇలాంటిదే.

మన రాష్ట్రంలోనే మణుగూరు భారజల కర్మాగారం 1991 నుంచి పనిచేస్తోంది. అక్కడ మామూలు నీటి నుంచి భారజలాన్ని వేరు చేయడానికి వాడేది ఈ హైడ్రోజన్ సల్ఫైడే, అదీ టన్నుల లెక్కన. మనం పేడ గుంతలో చూసి భయపడే వాయువే అక్కడ పని సరుకు. అటువంటి చోట మనిషి ముక్కు మీద ఆధారపడలేరు. వాయువును కనిపెట్టే సాధనాలు రాత్రింబవళ్లు పనిచేస్తూ ఉండాల్సిందే.

ముక్కు, కళ్ల మీద ఆధారపడితే ఏమవుతుందో 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో దేశం చూసింది. అక్కడి కార్మికులు మిథైల్ ఐసోసయనేట్ లీకును కళ్లు మండటాన్ని బట్టే తెలుసుకునేవాళ్లు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు జనం నిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం 1996లో వచ్చిన 111 జీవో వల్ల మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లోని ఎన్నో ఊళ్లకు కాలుష్య పరిశ్రమలు రాలేదు. 2022 నుంచి ఆ జీవోలో మార్పుల మాట నడుస్తోంది, అది వేరే చర్చ. ఫ్యాక్టరీ గ్యాసు సంగతి ఎలా ఉన్నా మన బావి, మన పేడ గుంత మన ఇంటి వెనకే ఉన్నాయి.

నాలుగు గ్యాసుల మీటరు

బావులు, ట్యాంకుల్లోకి దిగే పనివాళ్ల కోసం చేతిలో పట్టేంత మీటర్లు ఉన్నాయి. వీటిని 'ఫోర్ గ్యాస్ మీటర్' అంటారు. ప్రాణవాయువు, మండే గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు సెన్సార్లు అందులో ఉంటాయి.

ప్రాణవాయువుది చాలా మీటర్లలో సీసం ముక్క ఉన్న చిన్న సెల్లు. లోపలికి వచ్చిన ప్రాణవాయువుతో సీసం కలుస్తూ కొద్దిగా కరెంటు పుట్టిస్తుంది. ఎక్కువ ప్రాణవాయువు ఉంటే ఎక్కువ కరెంటు. టార్చిలైటు సెల్లు అయిపోయినట్టే ఇదీ వాడినా వాడకపోయినా రెండేళ్లు అటూ ఇటూగా అయిపోతుంది. విషవాయువులు రెండింటికీ ఆసిడ్‌లో నానిన సెల్లులు, వాటి కొసల మీద ప్లాటినం వంటి లోహపు పూత. వాయువు ఆ పూత మీద మారుతూ కరెంటు ఇస్తుంది. మండే గ్యాసుకు వేడి పూస. గ్యాసు దాని మీద కాలి పూస ఇంకా వేడెక్కుతుంది. కాలాలంటే ప్రాణవాయువు కావాలి కాబట్టి మీటరులో మొదట చూడాల్సింది ఎప్పుడూ ప్రాణవాయువు అంకెనే. అది పడిపోతే మండే గ్యాసు అంకె కూడా అబద్ధం చెబుతుంది.

నాలుగూ పచ్చగా చూపినా దిగొచ్చా? ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ నాలుగింటిలో బొగ్గుపులుసు వాయువు లేదు. మన బావుల్లో ఎక్కువగా ఉండేది అదే! కుళ్లు బావిలోనే జరిగితే ప్రాణవాయువు కూడా అంతే తగ్గుతుంది, మీటరు కూస్తుంది. కానీ ఆ వాయువు బయటి నుంచి వచ్చి చేరిందనుకోండి, లెక్క చూడండి. నూటికి 5 పాళ్లు వచ్చి చేరితే పాత గాలి 95 పాళ్లు మిగులుతుంది. 20.9లో నూటికి 95 వంతులంటే 19.9. అలారం 19.5కు పెట్టి ఉంటుంది, కాబట్టి కూయదు. కానీ 5 పాళ్ల బొగ్గుపులుసు వాయువు అంటే 50 వేల పీపీఎం. 40 వేల దగ్గరే ప్రాణానికి ముప్పు అంటారు. 10 పాళ్లయితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. అందుకని బయట 20.9 చూపిన మీటరు బావి అడుగున 20.5కు తగ్గినా అనుమానించాలి. ఆ అర పాలు ఎక్కడికి పోయిందో, దాని చోటికి ఏం వచ్చిందో తెలిసేదాకా దిగరాదు. బొగ్గుపులుసు వాయువును సరిగ్గా కొలవాలంటే పరారుణ కిరణంతో పనిచేసే వేరే సెన్సార్ కావాలి. ఆ కిరణాన్ని ఆ వాయువు మింగేస్తుంది, ఎంత మింగిందో చూసి కొలుస్తారు. కొన్ని మీటర్లలో దీన్ని ఐదో సెన్సార్‌గా పెట్టించుకోవచ్చు. బావుల కోసమే కొనేవాళ్లు అదే అడగాలి.

కొలిచే పద్ధతి

మీటరును ముందు బయటి మంచి గాలిలో ఆన్ చేయాలి. ప్రాణవాయువు 20.9 చూపాలి. చూపకపోతే ఆ రోజు ఆ మీటరుతో పని లేదు. తర్వాత గట్టి తాడుకు కట్టి మెల్లగా దించండి. బావి పైభాగంలో, నడిమధ్యలో, నీళ్లకు లేదా బురదకు జానెడు పైన, మూడు చోట్లా ఆపండి. మీథేన్ తేలిక, పైన ఉంటుంది. బొగ్గుపులుసు వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, అడుగున ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడైనా ఉంటుంది. ప్రతి చోటా కనీసం రెండు నిమిషాలు ఆగాలి. సెల్లులోకి గాలి ఇంకడానికి ఆ మాత్రం సమయం పడుతుంది, దించి వెంటనే లాగితే పైగాలి అంకే చూపిస్తుంది. పైకి తీశాక అత్యధిక, అత్యల్ప అంకెలు చూపే బటన్ నొక్కండి. మంచి మీటర్లు వాటిని గుర్తుపెట్టుకుంటాయి. నీళ్లలో మాత్రం ముంచకండి.

ప్రాణవాయువు 19.5కు తగ్గినా, కార్బన్ మోనాక్సైడ్ 35 పీపీఎం దాటినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 దాటినా దిగవద్దు. బ్లోయరుతో గొట్టం అడుగుదాకా వేసి గాలి కొట్టించండి. పైనుంచి ఫ్యాను పెడితే సరిపోదు, గాలి అడుగుకు చేరాలి. అరగంట తర్వాత మళ్లీ మూడు చోట్లా కొలవండి. దిగినవారి నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు, మీటరు వారి జేబుకో బెల్టుకో తగిలించి ఉండాలి. పని జరుగుతున్నంతసేపూ బ్లోయరు ఆపకూడదు. బురద కదిపిన కొద్దీ కొత్త వాయువు వస్తూనే ఉంటుంది.

తడిగుడ్డ మూతికి కట్టుకుని దిగడం పాత అలవాటు. అది దుమ్మును ఆపుతుంది గానీ లేని ప్రాణవాయువును తెచ్చి ఇవ్వదు. మందు పిచికారీ మాస్కు కూడా అంతే. లోపల మనిషి పడిపోతే ఎంత దగ్గరివాడైనా వెంట దిగవద్దు. పైనుంచి తాడుతో లాగాలి, బ్లోయరుతో గాలి కొట్టాలి, అగ్నిమాపక కేంద్రానికి 101, అంబులెన్సుకు 108 కొట్టాలి. 'గాలి లేని బావిలో మనిషి పడ్డాడు' అని స్పష్టంగా చెప్పండి. అప్పుడే గాలి సిలిండర్లున్న సిబ్బంది వస్తారు. మరుగుదొడ్డి ట్యాంకులోకైతే మనిషిని దించడమే 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రంతో తోడించాలి.

కోళ్ల షెడ్డు, గింజల గది

బావి లేనివాళ్లకు కూడా ఈ సంగతి పనికొస్తుంది. కోళ్ల షెడ్డులో అమ్మోనియా 25 పీపీఎం దాటితే కోళ్లకు కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, బరువు తగ్గుతుంది. రోజూ అక్కడే తిరిగే మన ముక్కు ఆ ఘాటుకు అలవాటు పడిపోతుంది, తొలిసారి వచ్చిన చుట్టం ముక్కే మేలు. దీనికి పెద్ద మీటరు అక్కరలేదు. అమ్మోనియా పట్టీ కాగితాలు దొరుకుతాయి. శుద్ధి చేసిన నీటిలో తడిపి, మన ఎత్తున కాకుండా కోడి తల ఎత్తున, కాసేపు పట్టుకుంటే రంగు మారుతుంది. డబ్బా మీది రంగులతో పోల్చుకోవడమే. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కూడా లెడ్ ఎసిటేట్ కాగితం ఉంది, ఆ వాయువు తగిలితే గోధుమరంగుకు, తర్వాత నల్లగా మారుతుంది. అయితే ఉందో లేదో చెబుతుంది తప్ప ప్రాణవాయువు సంగతి చెప్పదు. దీన్ని చూసి గుంతలో దిగవద్దు.

గింజలకు పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుంచి ఫాస్ఫీన్ వస్తుంది. 0.3 పీపీఎం దాని పరిమితి. వెల్లుల్లి, కుళ్లిన చేపల వంటి వాసన ముక్కుకు తగిలిందంటే పరిమితి ఎప్పుడో దాటి ఉండొచ్చు. మనుషులు పడుకునే ఇంట్లో, ఆ ఇంటికి గోడ కలిసిన గదిలో ఈ బిళ్లలు పెట్టరాదు. ఫోర్ గ్యాస్ మీటరులో ఫాస్ఫీన్‌కు సెన్సార్ ఉండదు, అదీ గుర్తుంచుకోవాలి.

కొనేటప్పుడు

వందల రూపాయలకు ఆన్‌లైన్‌లో దొరికే చిన్న సెన్సార్ పలకలు కాలేజీ పిల్లలు నేర్చుకోవడానికి బాగుంటాయి. వాటి మీద ప్రాణం పెట్టవద్దు. పనికొచ్చే ఫోర్ గ్యాస్ మీటరు పదుల వేల రూపాయల్లో ఉంటుంది. రెండెకరాల రైతు ఒక్కడే కొనలేడు, కొనాల్సిన అవసరమూ లేదు. ఏడాదిలో నాలుగు రోజుల పని దానిది. ఊరికొకటి, అదీ కాకపోతే రెండు మూడు ఊళ్లకు ఒకటి చాలు. రైతు ఉత్పత్తిదారుల సంఘమో, పంచాయతీయో, పాల కేంద్రమో కొని పెట్టుకోవచ్చు. పూడికతీత పనివాళ్లను పిలిచేటప్పుడు కూలి ఎంత అని అడిగినట్టే, మీటరూ బ్లోయరూ ఉన్నాయా అని అడగండి. వాటికి అద్దె అడిగితే బేరం ఆడకండి.

కొనే ముందు దుకాణదారును మూడు ప్రశ్నలు అడగాలి. ఒక్కో సెన్సార్ ఎన్నేళ్లు వస్తుంది, మార్చడానికి ఎంత అవుతుంది? తెలిసిన గ్యాసుతో సరిచూసి ఇచ్చే కేంద్రం హైదరాబాద్‌లో ఉందా? పోయినసారి సరిచూసిన తేదీ చీటీ మీద రాసి అంటించారా? ఈ మూడోది కొన్నాక కూడా ఏటా చూసుకోవాలి. బీరువాలో మూడేళ్లు పెట్టి తీసిన మీటరు లైటు వెలుగుతుంది, అంకెలూ చూపిస్తుంది. దాని సెల్లులో సీసం మాత్రం అయిపోయి ఉంటుంది. సంఘం తరఫున కొంటే దాని పూచీ ఒకరికి అప్పగించి, పుస్తకం పెట్టి, ఎవరు ఎప్పుడు ఏ బావికి తీసుకెళ్లారో, అడుగున ఎంత అంకె వచ్చిందో రాయించండి. మీ ఊళ్లో ఏ బావి ఏ నెలలో ఎలా ఉంటుందో రెండు ఎండాకాలాలు తిరిగేసరికి ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.